గండభేరుండం అడిగిన పేర్లు

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే అయింది. ళ రాయవలసిన చోట ల రాస్తాను. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి. ఒక పేజీ నిండడానికి రెండు పూటలు పడుతుంది. గుర్రం మీద పోవలసిన కథను ఎడ్లబండి మీద తెస్తున్నాను. ఆలస్యమైనా తెస్తాను, కూర్చోండి.

ఇంతవరకు జరిగింది ఇది. సిందూరగిరి రాజ్యంలో బొమ్మల వాడ అని ఒక వాడ ఉంది. వెదురు బద్దలతో, రంగుల బట్టతో ఏనుగంత, మేడంత బొమ్మలు కట్టడం ఆ వాడవాళ్ల విద్య. రాజుగారి ఊరేగింపుల్లో అవే ముందు నడిచేవి. ఆ వాడకు పెద్ద శరభయ్య. విజయోత్సవం కోసం అతను రెండు తలల గండభేరుండాన్ని కట్టించి, చివరి తలకు చివరి కన్ను దిద్ది, కుంచె ఇంకా పైకి తీయకముందే పడమటి నుంచి పొగ వచ్చి అతన్ని చుట్టుకుని ఎత్తుకుపోయింది. అది నల్లరాతి దీవిలో ఉండే కరాళదంష్ట్రుడనే మాంత్రికుడి పొగ. ఏడో రోజు పొద్దు గుంకేలోగా నాకు చెందవలసింది నాకు చేర్చండి, లేకపోతే మీ బొమ్మల పెద్ద నా కోటలో రాతిబొమ్మై నిలబడతాడు అని ఆ పొగే కబురు చెప్పింది. చెందవలసింది ఏమిటని అడిగితే నవ్వి ఊరుకుంది. రాజుగారు బంగారం నింపిన ఓడను పంపారు. సముద్రం ఆ ఓడను, బంగారాన్ని కలిపి ఒడ్డుకు విసిరికొట్టింది.

ఈ రోజు ఏడో రోజు.

వాడ మధ్యలో, ఒకే ద్వారం ఉన్న ఆవరణలో గండభేరుండం రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది. దాని రొమ్ము చిరివేరు ఎరుపు, రెక్కలు నీలిమందు నీలం, తోక కరక్కాయ పసుపు. ఒక్కొక్క ఈక అరచేతి వెడల్పు గుడ్డముక్క. అలాంటివి పదివేలు ఒకదాని మీద ఒకటి చేపపొలుసుల్లా పరుచుకుని, గాలి వీచినప్పుడు వరిచేను మీద అలలా కదిలేవి. నాలుగు కళ్లూ నాలుగు చిన్న సూర్యుళ్లు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, అది మాట్లాడింది. కుడి తల మెత్తగా మాట్లాడితే ఎడమ తల ఎత్తిపొడిచింది.

వాడలో పూర్వం నుంచి ఒక ఆచారం ఉంది. కళ్లు దిద్దడం పూర్తి కాగానే వాడపెద్ద అందరి ముందు నిలబడి, ఇది నేను చేసిన బొమ్మ అని తన పేరు చెప్పాలి. ఈసారి శరభయ్య పేరు చెప్పుకునేలోగానే పొగ ఎత్తుకుపోయింది. ఏ పేరూ పడని బొమ్మ కళ్లు తెరిచి, నన్ను చేసిందెవరని అడగడం మొదలుపెట్టింది.

పొద్దున్నే దండనాయకుడు రణభీముడు కవచం తొడుక్కుని వచ్చి దాని మీదెక్కాడు. నిన్ను చేయించినది మహారాజు, ఆయన ఆజ్ఞ నా చేతిలో ఉంది, దీవికి పద అన్నాడు.

"చేయించినాయన్ని ఎవరడిగారు నాయనా? చేసినవాళ్లని అడుగుతున్నాం" అంది ఎడమ తల.

ఆ మాటతోపాటు వీపు ఒక్కసారి విదిలించింది. దండనాయకుడు గాలిలో గిరగిరా తిరిగి నీలిమందు తొట్టిలో పడ్డాడు. తొట్టిలోంచి పచ్చగా లేచి, గాలి తగిలే కొద్దీ నీలంగా మారుతూ, గడప దాటేసరికి మీసాలతో సహా నెమలి మెడ రంగుకు వచ్చేశాడు. వాడలో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డారో వాళ్లకే తెలుసు. తన రంగు వదిలేదాకా ఈ పక్షి దగ్గరకు వాడవాళ్లెవరూ పోకూడదని ఆజ్ఞ వేసి, ద్వారం దగ్గర ఇద్దరు భటులను నిలబెట్టి రణభీముడు ఏటికి పరుగెత్తాడు. నీలిమందు ఏటిలో వదిలేది కాదని అతనికి ఎవరూ చెప్పలేదు.

కుడి తల మాత్రం జాలిపడింది. కిటికీలోంచి చూస్తున్న అలివేణితో లోగొంతుకతో చెప్పింది. "మాకు పొగరు కాదమ్మా. ఎగిరేటప్పుడు ఒక్కో భాగం బరువెక్కుతుంది. అది చేసినవాళ్ల పేరు అప్పుడు చెప్పినవాళ్లనే మోయగలం. ఒక్క పేరు తప్పితే ఆ చెయ్యి పడినంత మేరా ఊడిపోతుంది."

అలివేణి శరభయ్య భార్య. ఆ పదివేల ఈకలూ కుట్టింది ఆమే. వెళ్లవలసింది తనేనని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. చిక్కు మరొకటి ఉంది. పని జరిగేటప్పుడు పేరు పెట్టి పిలిస్తే చెయ్యి తప్పుతుందని ఆ వాడలో నమ్మకం. అందుకని తరతరాలుగా అందరినీ పనితోనే పిలుచుకునేవారు. వెదురు మామ, రంగుల అత్త, రేవు బావ, గంజి అవ్వ. కాపురానికి వచ్చిన పదకొండేళ్లలో వాళ్ల అసలు పేర్లు ఆమె ఒక్కసారి కూడా వినలేదు. ఆమెను వాళ్లు కుట్టు పిల్ల అనేవారు.

చేతికి దొరికిన నూలుతాడు తీసుకుని ఇంటింటికీ పరుగెత్తింది. అలివేణికి చదువు రాదు. పేరు విన్నప్పుడల్లా తాడుకు ఒక ముడి వేసుకుంటే మర్చిపోదు. బట్ట ఉతికి ఆరవేసే రేవు బావ పేరు ముత్యాలు. ముడి. అందరికీ గంజి కాచిపోసే అవ్వ పేరు ఆదెమ్మ. నేనేం చేశానే, నా పేరెందుకు అని అవ్వ మొహమాటపడింది. అయినా ముడి పడింది. రంగుల అత్త తన పేరు కాటమ్మ అని ఠక్కున చెప్పేసింది. చిక్కంతా ఆమె మొగుడు వెదురు మామతో వచ్చింది. ఆయనకు డెబ్బై దాటింది. పేరడిగితే గడ్డం గోక్కుంటూ ఆకాశం వైపు చూశాడు.

"నా పేరా? ఉండేదమ్మా. మా అమ్మ పిలిచేది."

అలివేణి అత్త వైపు తిరిగింది. అత్త చెంపలు వేసుకుంది. మొగుడి పేరు నోట పలుకుతుందా?

"నే చెప్పకూడదే. స్తంభం పగలగొట్టుకుని వచ్చిన స్వామి లేడూ? ఆయనే."

"నరసయ్య" అంది అలివేణి.

"ఆ, అదే" అన్నాడు మామ, పోయిన వస్తువు దొరికినట్టు మురిసిపోతూ. "నరసయ్యనే. మరిచేపోయాను."

నాలుగు ముడులు పడ్డాయి. ఐదో ముడి మొగుడిది. ఆ పేరు ఎవరినీ అడగవలసిన పని లేదు గనుక పెదవి కదపకుండానే ముడి వేసుకుంది.

ఇక ద్వారం దాటాలి. శరభయ్య తలపాగా చుట్టి, అంగరఖా తొడిగి, నల్లనూలు పోగులతో మీసం చేసి, దానికి బొమ్మలంటించే చింతపిక్కల జిగురు రాసి పైపెదవి మీద నొక్కుకుంది. పక్షి కట్లు సరిచూసి రమ్మని దండనాయకులవారు పంపారని భటులతో బొంగురు గొంతుతో చెప్పింది. ఒకడు దారి ఇచ్చాడు. రెండోవాడు ఆమె ముఖంలోకి వంగి చూశాడు.

"తమ్ముడూ, నీ మీసం నడుస్తోందేమిటి?"

నిజంగానే కదులుతోంది. గొంగళిపురుగులా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు సర్దుకుంటోంది.

"కొత్త మీసం అన్నా. ఇంకా కుదురుకోలేదు" అంటూ అలివేణి ఒక్క గెంతులో పక్షి మెడ మీదికి చేరింది. భటుడికి అనుమానం వచ్చి ఈటె ఎత్తేసరికి పదివేల ఈకలూ విచ్చుకున్నాయి. ఆ గాలికి భటులిద్దరూ నీలిమందు తొట్టి వైపు దొర్లిపోయారు. వాళ్లు ఏ రంగులో లేచారో చూడడానికి అలివేణికి తీరిక లేదు. బొమ్మల వాడ అగ్గిపెట్టెంత అయింది, సిందూరగిరి కోట పిడికెడయింది, తరవాత అంతా నీళ్లే.

పొగ సముద్రం మీద దారి ఉండదు. అలలు పైకి లేచి పొగవుతాయి, పొగ కింద పడి అలవుతుంది. ఆ పొగలోంచి ఇనపముక్కుల రాబందులు గుంపుగా వచ్చి పడ్డాయి. గండభేరుండం అడ్డంగా వాలింది, నిలువునా లేచింది. ఒక రాబందును కుడి ముక్కుతో, ఒకదాన్ని ఎడమ ముక్కుతో పట్టి రెండింటినీ ఒకదానికొకటి కొట్టింది. అంతలో దాని ఎముకలు పటపటమన్నాయి.

"బద్దలు చీల్చిందెవరు?" అని అరిచింది ఎడమ తల.

"నరసయ్య." ఒక ముడి విప్పింది. ఎముకలు ఉక్కయ్యాయి.

రంగు వెలిసి రెక్కలు పాలిపోయాయి. కాటమ్మ పేరు చెప్పింది. నీలం, ఎరుపు మళ్లీ పొంగాయి. బట్ట పిగిలింది. ముత్యాలు పేరు చెప్పింది. బట్ట బిగిసింది. రాబందులు వెనకబడ్డాక ఒక్కసారిగా పక్షికి నీరసం వచ్చి రెండు తలలూ వేలాడేశాయి. ఆదెమ్మ పేరు చెప్పేసరికి కడుపునిండా తిన్నట్టు లేచి కూర్చున్నాయి. "ఆ అవ్వ గంజి పోయకపోతే ఒక్క చెయ్యి లేచేదా?" అంది కుడి తల, ఎవరూ అడగకుండానే.

అప్పుడు సముద్రంలోంచి రాతిస్తంభాలు మొలవడం మొదలుపెట్టాయి. తాటిచెట్టంతవి, గోపురమంతవి, ముందు, వెనక, పక్కన, కన్ను మూసి తెరిచేలోగా ఒకటి. సరిగ్గా ఆ వేళకు నాలుగు కళ్లూ మసకబారాయి. ఎడమ రెక్క ఒక స్తంభానికి ఒరుసుకుని నిప్పురవ్వలు లేచాయి.

"కళ్లు దిద్దిందెవరు?"

"ఆయన" అంది అలివేణి.

"ఆయనంటే?"

"మా వారు."

"మీ వారెవరో మాకేం తెలుసు తల్లీ" అంది ఎడమ తల. "అందులోనూ మాకు కళ్లు కనపడ్డంలేదు."

అలివేణి నాలుక మడతపడింది. పదకొండేళ్లుగా ఆ పేరు ఆమె గుండెలో ఉంది, గొంతు దాకా వచ్చేది, పళ్ల దగ్గర ఆగిపోయేది. ఎదురుగా నల్లటి రాయి గోడలా లేచింది.

"శరభయ్య" అంది. అని, ఎలా ఉందోనని ఇంకొకసారి అంది. "శరభయ్య."

బాగానే ఉంది. నాలుగు సూర్యుళ్లు వెలిగాయి. పక్షి రెండు స్తంభాల సందున సూదిలో దారంలా దూరి అవతలికి వచ్చింది. ఆ దూరడంలో కుట్లు వరసన తెగడం మొదలుపెట్టాయి. కుట్టిందెవరంటే నేనే అంది. నేనంటే ఎవరంటే కుట్టు పిల్లనంది. ఎడమ తల విసుక్కునే లోపలే అలివేణి అని తన పేరు తనే చెప్పుకుంది. చెప్పుకున్నాక ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది, ఆ సముద్రం మధ్యలో.

నల్లరాతి దీవి కనబడింది. కాలిన పన్నులాంటి కోట. కోట కొసన నిలువెత్తు మనిషి ఒకడు. వాడి పక్కన మెడ దాకా నల్లగా మారి, తల మాత్రం మనిషిగా మిగిలిన బొమ్మ. ఇంత దూరం నుంచి కూడా ఆ తల వంపు అలివేణి గుర్తుపట్టింది. పొద్దు నీటికి జానెడు ఎత్తులో ఉంది.

అప్పుడే పక్షి ఊడిపోసాగింది. ఒక చోట అని కాదు. బద్ద నుంచి బట్ట, బట్ట నుంచి ఈక, అన్నీ విడిపోతున్నాయి. ఎర్రటి ఈకలు వందలుగా లేచి వెనక గాలిలో కొట్టుకుపోయాయి.

"ఇంకొకరున్నారు" అంది కుడి తల. గొంతు సన్నబడింది. "మా లోపల అంతటా ఉన్నారు. పేరు మాకూ తెలియదు."

తాడు తడుముకుంది. ముడులు లేవు. వాడలో ప్రతి గడపా గుర్తు తెచ్చుకుంది. ఎవరూ మిగల్లేదు. పక్షి రాయిలా కిందికి దిగిపోతోంది. అంత గాలిలోనూ పైపెదవి మీద చక్కిలిగింత. మీసం. భయపడిన పిల్లిలా అది ముక్కు కిందికి నక్కుతోంది.

ఇదెందుకు కదులుతోంది? దీనికి కళ్లు దిద్దలేదు. రంగు లేదు, ఎముక లేదు. నాలుగు పోగులు. వాటికి రాసింది జిగురొక్కటే.

జిగురు ఆమె తానే కాచింది. పిక్కలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికేటప్పుడు సన్నగా ఒక రాగం తీస్తూ ఎడమ నుంచి కుడికి తిప్పాలి. అలా నేర్పింది అత్తగారు, శరభయ్య తల్లి. అత్తగారికి నేర్పిందెవరు? వెనకటి ఏదో బొమ్మకు ఈకలు ఏరుతూ ఆవిడ ఒకసారి చెప్పిన మాట అలివేణికి చప్పున గుర్తొచ్చింది. మామగారు వాడపెద్దగా ఉన్న రోజుల్లో జిగురు కుండ దగ్గర ఒకతను పనిచేసేవాడు. అతని జిగురుతో అంటించిన గుర్రం రాజసభలో సకిలించింది. అది నేను చేసిన గుర్రమని మామగారు పేరు చెప్పుకోగానే గుర్రం నోరు మూతపడింది, మళ్లీ తెరవలేదు. కాలికి గండపెండేరం తొడిగించుకుని మామగారు ఇంటికి వచ్చారు. నా పేరు కూడా ఒక్కసారి చెప్పండి అని అతనడిగాడు. జిగురుకు పేరేమిట్రా అని నవ్వారట. ఆ సాయంత్రమే అతను తెడ్డు కుండలో వదిలేసి పడమటికి వెళ్లిపోయాడు. అతన్ని మాత్రం అత్తగారు పేరుతోనే చెప్పింది, పని వదిలేసిన మనిషి గనుక.

"తిప్పన్న" అని గొంతు చించుకుని పిలిచింది అలివేణి. "జిగురు తిప్పన్నది."

వెనక ఎగిరిపోయిన ఈకలన్నీ ఆగాయి. తేనెటీగలు తుట్టెకు చేరినట్టు గుంపులుగా తిరిగి వచ్చి వేటి చోటులో అవి కూర్చున్నాయి. పక్షి రెండు గొంతులతో ఒకేసారి కూసింది. వింత అక్కడితో ఆగలేదు. సముద్రం మీది పొగంతా తెర లాగినట్టు పక్కకు తొలగింది. కోట కొసన మంత్రం చదువుతున్న మనిషి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, ఈ వైపు తిరిగాడు.

గండభేరుండం కోట మీద వాలింది. కరాళదంష్ట్రుడు దగ్గరగా మరీ భయంకరంగా ఉన్నాడు. గడ్డం దాకా దిగిన కోరలు, మోకాళ్ల దాకా జడలు, మెడలో ఇనప గంటలు. చేతివేళ్లు మాత్రం మామూలు మనిషివి. వాటి మీద పాత కాలిన మచ్చలున్నాయి, ఉడికే జిగురు చిందితే పడేలాంటివి. అలివేణి వేళ్ల మీద కూడా అవే ఉన్నాయి.

ఆ పేరు నీకెవరు చెప్పారని అడిగాడు. అత్తగారు చెప్పిందని ఆమె చెప్పింది. ఇక్కడికి ఎలా ఎగిరి వచ్చావని అడిగాడు. మీ జిగురు మీద వచ్చానంది. అతని కోరల్లో ఒకటి కదిలి, రాతి మీద టప్పున పడింది.

అప్పుడు నల్లరాయి మీద మిగిలిన తల మాట్లాడింది.

"తిప్పన్న బాబాయ్, నువ్వా? కోరల వెనక నిన్ను పోల్చుకోలేకపోయాను." శరభయ్యకు ఊపిరి అందడం లేదు. "ఆరేళ్లవాణ్ణి నీ కుండ పక్కనే కూర్చునేవాణ్ణి. గుర్రం సకిలించినప్పుడు సభలో ఉన్నాను. ఆ సకిలింపు నీదని నాకు తెలుసు. తెలిసి కూడా మా నాన్న పేరే చెప్పాను, తరవాత నా పేరు చెప్పుకున్నాను. రాతిని చేస్తే చెయ్యి, తప్పు నాదే. కానీ ఇది విను. నా వేలు పట్టుకుని మొదటి కన్ను దిద్దించింది నువ్వు. ఈ పక్షి కళ్లలో కూడా నువ్వున్నావు."

పొద్దు నీటిని తాకింది. మాంత్రికుడి చెయ్యి కిందికి దిగింది. రెండో కోర కూడా పడిపోయింది. నలుపు శరభయ్య మెడ నుంచి భుజాలకు, భుజాల నుంచి నడుముకు, నడుము నుంచి మోకాళ్లకు జారి అక్కడ ఆగింది.

"మిగతాది నా చేతిలో లేదురా" అన్నాడు తిప్పన్న. ఆ గొంతు ఇప్పుడు ఒక ముసలాయనది. "ఏ సభలో నా పేరు చెప్పలేదో ఆ సభలోనే చెప్పాలి. అప్పుడే నీ కాళ్లు నీవి. మంత్రం అలా కట్టాను, కోపంలో."

అతని కోపం మీద కట్టిన కోట కోపం పోగానే నిలబడలేకపోయింది. పునాది నుంచి పెళపెళమని బీట కొట్టింది. అలివేణి మొగుణ్ణి రాతికాళ్లతో సహా ఈడ్చి పక్షి వీపు మీద వేసింది. ముసలాయన చెయ్యి పట్టి లాగింది. గోపురాలు సముద్రంలోకి వంగుతుండగా గండభేరుండం లేచింది. ఇద్దరు మనుషులు, రాతికాళ్లతో మనిషిన్నర బరువైన మూడోవాడు. ఎడమ తల సణిగింది, కుడి తల ఊరుకోమంది. శరభయ్య భార్య ముఖంలోకి చూసి, మీసం బాగుందని చెప్పాలో వద్దో తేల్చుకోలేక, నా పేరు పిలిచింది నువ్వేనా అని అడిగాడు. ఆమె సముద్రం వైపు చూస్తూ, ఏమో, గాలేమో అంది.

అప్పుడు కూలుతున్న చివరి గోపురం రాయి ఒకటి ఎగిరొచ్చి కుడి రెక్కను చీల్చింది. మూరెడు చిరుగు. పక్షి పక్కకు ఒరిగిపోయింది. కింద, దారి తప్పిన రాబందులు మళ్లీ గుంపు కడుతున్నాయి.

"జిగురుందా?" అన్నాడు తిప్పన్న.

అలివేణి మీసం పీకి ఇచ్చింది. అది అతని అరచేతిలో ఒకసారి ఒళ్లు విరుచుకుని, యజమాని దగ్గరకు వచ్చిన పిల్లిలా ముడుచుకుని పడుకుంది. ముసలాయన ఒంటి చేత్తో వెదురు పట్టుకుని రెక్క మీదికి పాకాడు. రెండు వేళ్లతో ఆ జిగురు మెదిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పిక్కలు ఇంకొంచెం వేగాలమ్మాయ్" అన్నాడు. "ఎవరు నేర్పారు నీకు?"

"తిప్పన్న అని ఒకాయన" అంది అలివేణి.

ముసలాయన తల దించుకుని, చిరుగు మీద బొటనవేలు గట్టిగా అదిమాడు. గండభేరుండం ఎర్రటి పొద్దుకు వీపు తిప్పి, సిందూరగిరి సభ వైపు రెక్క కొట్టింది.

ఈ కథకు మొదలు నాకు చెప్పింది మా అత్తగారు పెరుమాళ్లమ్మ. అక్షరాలు దిద్దించింది సాయంత్రం బడి టీచరమ్మ జయప్రద. ఒత్తులు సరిచేసింది పక్కింటి రహమత్తు. కాగితాలు కొని తెచ్చి, కథ వినకుండానే వెళ్లిపోయింది మా ఆయన సత్తిరాజు. రాసింది నేను.

కొల్లి వరహాలమ్మ, అరవై ఆరేళ్లు, ప్రస్తుతం కాకినాడ జగన్నాథపురంలో మా రెండో అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.